ఎవరు మెథడిస్టు? రుజువేంది?

ఫలానా మనిషి మెథడిస్టా, కాదా? ఈ ప్రశ్న పాస్టరయ్య అడిగితే ఒక జవాబు ఉంటది. తహసీల్దారు అడిగితే ఇంకో జవాబు. రిజర్వుడు సీటులో ఓడిపోయినవాడు కోర్టుకు పోయి అడిగితే మూడో జవాబు. అడిగేవాడు మారినప్పుడల్లా జవాబు మారిపోయే ప్రశ్న ఇది. బోనులో నిలబడేవాడు మాత్రం ఎప్పుడూ ఒక్కడే. వాడు మన వాడలోనోడే.

కుల్కచర్ల, పరిగి, వికారాబాద్, తాండూరు దిక్కు మాదిగవాడల్లో, మాలవాడల్లో ఈ ప్రశ్నకు డెబ్బై ఏండ్లు దాటింది. ఊర్లె పటేండ్లను పట్టుకొని "మీరు హిందువులని రుజువేంది?" అని ఏ అధికారీ అడగడు. వాళ్ళు జహంగీర్ పీరు దర్గాకు పోయి కందూరు చేసినా, పీర్ల పండుగకు అలాయి చుట్టూ ఆడినా, పిల్లల్ని మిషన్ బడిలో చదివించినా వాళ్ళ మతానికి ఏ ఢోకా లేదు. మన ఇంట్ల గోడకు ఏసు బొమ్మ వేలాడితే మాత్రం అది సాక్ష్యం అయితది. పటేలు మతం వాడి ఇష్టం, మన మతం ప్రభుత్వం తేల్చాల్సిన తగాదా!

ఎందుకిట్లా? మూలం 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరు మీద వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉన్నది. అందులో మూడో పేరా: హిందూ మతం కాకుండా వేరే మతం అవలంబించేవారెవరూ షెడ్యూల్డ్ కులస్తులు కారు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులైన దళితులు, ముస్లింలైన దళితులు బయటనే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వెనుకబడిన కులాల జాబితా వేసినప్పుడు, క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారినీ వారి సంతతినీ బీసీ-సి అని ఒక గదిలో పెట్టి ఒక్క శాతం రాసిచ్చారు. తెలంగాణ వచ్చినాకా ఆ గది అట్లనే ఉన్నది. కాబట్టి "మెథడిస్టు" అనే ఒక్క మాట పడితే మన పిల్ల పదిహేను శాతం వాకిట్లనుంచి ఒక్క శాతం వాకిట్లకు పోతది. వికారాబాద్ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. సర్పంచు సీట్లు, ఎంపీటీసీ సీట్లు ఎన్నో ఎస్సీలవి. నామినేషన్ల పరిశీలన రోజున ఎదుటివాడు పట్టుకొచ్చేది ఈ మాటనే. ఇగ అట్రాసిటీ కేసుల్లో ఏమైతున్నదో ముందుకు చెప్తాం.

సరే, చట్టం అట్లున్నది. కానీ "అవలంబించుట" అంటే ఏంది? 1960లలో నాగపూరు దిక్కు రిజర్వుడు సీటు మీద తగాదా వచ్చినప్పుడు సుప్రీంకోర్టు దీనికి అర్థం చెప్పింది. ఫలానా మతం నాది అని పదిమందిలో ఒప్పుకోవడం, బయటికి తెలిసేటట్టు ఆచరించడం. మనసులో ఏమున్నదో తవ్వి తీసే పని కాదు, పుట్టినప్పుడు ఎవరో చేసిన తంతు కూడా కాదు. మనిషి తానై, తన నోటితో, నలుగురి ముందు అన్నమాట. ఈ అర్థాన్ని గట్టిగా పట్టుకుంటే సగం పేచీ ఉండదు. మండలాల్లో, జిల్లా ఆఫీసుల్లో రుజువుల కింద చూస్తున్నవి మాత్రం వేరే.

ముందు పేరు. మాకు తెలిసిన ఒక పిల్ల నర్సింగు సీటుకు సర్టిఫికెట్ కోసం పోతే "పేరు రూతు అని ఉన్నది గదా, బీసీ-సి పెట్టుకో" అన్నరు. ఆమె చర్చి మెట్టెక్కి ఎన్నేండ్లయిందో ఎవరూ అడగలేదు. మన దిక్కు పేర్లు ఎట్లా వచ్చినయో తెలిసినవాడు ఆ మాట అనడు. వికారాబాద్ మిషన్ ఆసుపత్రిలో కాన్పయితే డాక్టరమ్మ పేరో నర్సమ్మ పేరో పెట్టుకున్న తల్లులు ఎందరో. ప్రాణం నిలిపిన మనిషి పేరు బిడ్డకు పెట్టుకోవడం మన దగ్గర రివాజు. మన తాతల్లో చానామందికి రెండు పేర్లు. చర్చిలో సమూయేలు, పటేలు వాకిట్ల సాయిగాడు. పహాణీలో కూడా సాయిగాడే. చర్చి పేరులో "గాడు" లేదు, అందుకే ఆ పేరు ముద్దనిపించింది. మనిషిని మనిషిగా పిలిచే పేరు దొరికితే పెట్టుకున్నరు. దాన్ని ఇయ్యాళ మతం మారిన దస్తావేజు లెక్క చదువుతున్నరు.

రెండోది బడి రిజిస్టరు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలె, ఎందుకంటే ఈ సాక్ష్యం తయారయ్యేది మా పంతుళ్ళ బల్ల మీదనే. జూన్ నెలల తల్లి బిడ్డను తోలుకొని వస్తది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం. కులం అడిగితే "మాదిగోళ్ళం సారూ" అని టక్కున చెప్తది, ఆ మాట ఊరే నేర్పింది. మతం అంటే ఆమెకు ఏం చెప్పాల్నో తెల్వదు. "గుడికి పోతం సారూ" అంటది. మా దిక్కు చర్చిని గూడ గుడి అనే అంటరు. ఏ గుడి అని రెండోసారి అడిగే ఓపిక ఎందరికి ఉంటది? బయట ఇంకా ఇరవైమంది నిలబడి ఉంటరు. పిల్ల పేరు మార్త అయితే ఒక సారు క్రిస్టియన్ అని రాస్తడు, ఇంకో సారు కులం మాదిగ కాబట్టి హిందూ అని రాస్తడు. ఒకే ఇంట్ల అన్నకు హిందూ-మాదిగ, చెల్లెకు క్రిస్టియన్ అని పడిన రిజిస్టర్లు ఉన్నయి. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే గుడిసె! కింద తల్లి వేలిముద్ర ఉంటది. చదవడం రాని మనిషి వేలిముద్ర పక్కన ఎవరో రాసిన మాట ఆమె ఒప్పుకున్నట్టు లెక్క అయితదా? అయితదట. ఆ ఒక్క మాట రిజిస్టరు నుంచి టీసీలోకి, టీసీ నుంచి ఇంకో బడి రిజిస్టరులోకి పోతది. ఇరవై ఏండ్లకు ఉద్యోగం వచ్చినాక ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, విచారణకు వచ్చినాయన మొట్టమొదట తెరిచేది ఆ పేజీనే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మతం గడి మన ఊహతో నింపేది కాదు. తల్లిదండ్రులు చెప్పిందే రాయాలె, రాసింది చదివి వినిపించాలె, అప్పుడే వేలిముద్ర. పేరు చూసి మతం రాసే అధికారం మనకెవరూ ఇయ్యలేదు.

ఇగ బొమ్మలు, శిలువలు. వీటి మీద కోర్టులే గట్టిగా మాట్లాడినయి. తమిళనాడులో రామనాథపురం దిక్కు పళ్ళర్ కులపు డాక్టరమ్మ క్రైస్తవుణ్ణి పెళ్ళాడింది. ఆమె క్లినిక్కు గోడకు శిలువ కనబడిందని ఆమె సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. భర్తతో, పిల్లలతో చర్చికి పోయినంత మాత్రాన ఆమె తన మతం వదిలిపెట్టినట్టు కాదన్నది. మహారాష్ట్రలో పదిహేడేండ్ల పిల్లది ఇట్లాంటిదే కథ. ఆమె ఇంట్ల ఏసు బొమ్మ చూసి విచారణ అధికారులు "వీళ్ళు మారినోళ్ళు" అని రాసేశారు. ఆ ఒక్క బొమ్మతో మతం మారినట్టు తేల్చలేరని 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి చెప్పింది. మన వాడల్లో ఏ ఇంటికి పోయినా ఒక మూల అంబేద్కర్, ఒక మూల ఎల్లమ్మ, ఇంకో మూల ఎవరో ఇచ్చిన క్రిస్మస్ క్యాలెండరు ఉంటయి. క్యాలెండరు తేదీలు చూసుకోవడానికి ఉంటది.

సమాధి గూడ రుజువట! మన కులాల్లో పూడ్చిపెట్టుడు ఏసు పేరు ఈ దిక్కు వినబడకముందు నుంచే ఉన్నది. మన బొందలగడ్డకు ఊరు ఏనాడు మంచి జాగ ఇచ్చింది? మిషన్ స్థలంలో ఆరడుగులు దొరికితే అక్కడ పెట్టుకున్నోళ్ళున్నరు. పెండ్లి సంగతి చూద్దాం. చర్చిలో పెండ్లయింది కాబట్టి ఇద్దరూ క్రైస్తవులే అంటరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం నాలుగో సెక్షన్ తీసి చదువుకోండి. పెండ్లాడే ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా ఆ చట్టం వర్తిస్తది. అంటే చర్చి పెండ్లి పత్రం ఇద్దరి మతానికి రుజువు కానేకాదు. నూటయాభై ఏండ్ల కింద తెల్లవాడు రాసిపెట్టిన ఈ మాట ఇయ్యాళటి ఆఫీసర్లకు తెల్వకపోవడం చిత్రమే.

ధారూరు జాతర గురించి చెప్పకుంటే ఈ దిక్కు మెథడిస్టుల మాట పూర్తికాదు. 1923లో మొదలైన జాతర. ప్రతి నవంబరులో అడవి అంచున డేరాలు వేసుకొని, ఎడ్లబండ్లు కట్టుకొని, ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు కట్టుకొని జనం పోతరు. లక్షలమంది. పాస్టర్లు ప్రసంగం చేస్తరు. పోయేవాళ్ళందరూ మెథడిస్టులా? లంబాడీలు పోతరు, గొల్లోళ్ళు పోతరు, సంతానం లేనివాళ్ళు మొక్కుకొని పోతరు, గాజులమ్మేవాళ్ళు పోతరు, పిల్ల సంబంధం చూసుకోవడానికి పోయేవాళ్ళున్నరు. పాంబండ రామలింగేశ్వరుని జాతరకు మన మెథడిస్టు పిల్లలు పోతలేరా? పోతరు, మిఠాయి కొనుక్కొని వస్తరు. జాతరకు పోవుడు మతానికి రుజువు అయితే మన జిల్లాలో ప్రతి మనిషికీ నాలుగు మతాలుంటయి.

ఈ రెండు గట్ల బతుకు కొత్తగా కనిపెట్టిందేం కాదు. మెదక్ జిల్లా జంగరాయి ప్రాంతపు ఊరి క్రైస్తవులను దగ్గరుండి చూసి, పి.వై. లూక్ అనే మన తెలుగు పాస్టరు, జాన్ కార్మన్ అనే అమెరికా పండితుడు కలిసి 1968లో ఒక పుస్తకమే వేశారు. చర్చి బతుకు, ఊరి దేవతల పండుగలు ఒకే వాడలో ఎట్లా కలిసి నడుస్తున్నయో అందులో ఉన్నది. ఊర్లె బోనం తీసేనాడు డప్పు కొట్టేవాడు మాదిగోడే. వాడు మెథడిస్టయితే డప్పు మాన్పించిన్రా? "మీరు క్రైస్తవులు, ఈ యేడు మీకు డప్పు పని లేదు" అని ఏ పటేలైనా అన్నడా?

చూడండి, "మెథడిస్టు" అన్న మాటే అధికారులకు సరిగ్గా తెల్వదు. తెలుగు దేశంలో మెథడిస్టుల పేరుతో వచ్చినవి రెండు మిషన్లు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్ మెదక్, నిజామాబాద్ దిక్కు. పోస్నెట్ దొర కట్టించిన మెదక్ గుడి వాళ్ళదే. వాళ్ళు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయారు. ఇగ వికారాబాద్, తాండూరు దిక్కు వచ్చింది అమెరికా మెథడిస్టులు. వాళ్ళు ఆ కలయికలోకి పోలేదు, 1981లో భారత మెథడిస్టు సంఘంగా వేరుగా నిలబడ్డరు. ఒక బాప్తిస్మ పత్రం చూపెట్టి "ఇది మెథడిస్టు" అంటే ఏ మెథడిస్టు? ఇప్పుడేమో వాడకొక పెంతెకోస్తు ప్రార్థన మందిరం, పక్కన హెబ్రోను సహవాసం. ఒకే ఇంట్ల అవ్వ మెథడిస్టు, కొడుకు హెబ్రోను, కోడలు పుట్టింటినుంచి పోచమ్మను తెచ్చుకున్నది. ఈ ఇంటి మతం ఏంది? గడిలో ఒక్క మాటే పడతది.

అసలు రుజువు అంటే ఏందో మెథడిస్టులే మనకు నేర్పుతరు. జాన్ వెస్లీ 1740లలో ఇంగ్లండులో సంఘాలు పెట్టినప్పుడు సభ్యులకు చీటీలు ఇచ్చేవాడు. మూడు నెలలకోసారి సభ్యుణ్ణి అడిగి, చూసి, కొత్త చీటీ రాసిచ్చుడు. నడత తప్పినోనికి చీటీ రాదు. అంటే సభ్యత్వం అనేది పుట్టుకతో వచ్చి చచ్చేదాకా అంటుకునేది కాదు, మనిషి నిలబెట్టుకుంటేనే ఉండేది. ఇయ్యాళటికీ మెథడిస్టు కట్టుబాటులో పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చినంత మాత్రాన పూర్తి సభ్యుడు కాడు. సిద్ధపడే సభ్యుల పట్టీలో ఉంటడు. పెద్దయి, నేర్చుకొని, సంఘం ముందు నిలబడి తన నోటితో ఒప్పుకున్నాకనే పూర్తి సభ్యుల పట్టీలోకి ఎక్కుతడు. అట్లయితే అడుగుతున్నం. పసిబిడ్డ బాప్తిస్మంతో చర్చే పూర్తి మెథడిస్టు అనదు గదా, తహసీల్దారు ఎట్లా అంటడు? చర్చి కన్నా మెథడిస్టు అయిన తహసీల్దారు ఉంటడా?

కానీ ఈ మాట చెప్పి ఊరుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. 2024 నవంబరు 26న, రాజ్యాంగ దినం నాడే, సుప్రీంకోర్టు పుదుచ్చేరి ఆడబిడ్డ కేసు తేల్చింది. తండ్రి హిందువు, తల్లి క్రైస్తవురాలు. పుట్టిన రెండు నెలలకే బాప్తిస్మం. గుమాస్తా ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. బాప్తిస్మ రికార్డు ఉన్నది, చర్చికి క్రమంగా పోతున్నది, తిరిగి హిందువైనట్టు బహిరంగంగా ప్రకటించింది లేదు అని ఆమెకు సర్టిఫికెట్ ఇయ్యలేమన్నది కోర్టు. రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. మాకు ఆ తీర్పులో మింగుడు పడనిది, బిడ్డ నోరు తెరవకముందు జరిగిన తంతును అంత బరువుగా తూచడం. అయినా అది దేశంలో పై కోర్టు మాట. ఊర్లె సలహాలు చెప్పేవాళ్ళు దాన్ని దాచిపెట్టి చెప్పొద్దు.

మరి తిరిగి వచ్చినవాళ్ళకు? అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఉన్నది. క్రైస్తవులైన మాదిగ తల్లిదండ్రుల కొడుకు, 1973లో ఆర్య సమాజం వాళ్ళ దగ్గర శుద్ధి చేయించుకొని ఎస్సీ సీటు అడిగిండు. కాలేజీ కాదన్నది. 1976లో సుప్రీంకోర్టు, తిరిగి హిందువై కులం ఒప్పుకుంటే అతడు ఎస్సీనే అన్నది. 2015లో కేరళ కేసులో ఇంకా విడమర్చి మూడు అడిగింది. పూర్వీకుల కులం జాబితాలో ఉన్నదని రుజువు, తిరిగి పాత మతానికి వచ్చినట్టు రుజువు, ఆ కులం వాళ్ళు తమలో కలుపుకున్నట్టు రుజువు. కులం కలుపుకున్నట్టు రుజువు! మాదిగవాడలో పుట్టి, మాదిగవాడలో పెరిగి, మాదిగ పిల్లను చేసుకొని, మాదిగోడా అని తిట్లు తిన్న మనిషి మాదిగనని రుజువు తేవాలట. కులం వాణ్ణి ఏనాడు వదిలింది, మళ్ళీ కలుపుకోవడానికి?

మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టే ఒక ఆది ద్రావిడ క్రైస్తవుడు ఇదే మాట పట్టుకొని సుప్రీంకోర్టు దాకా పోయిండు. సర్కారు చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా బంకులు ఇస్తే, క్రైస్తవుడవని వాడికి ఇయ్యలేదు. అదే రోడ్డు, అదే ఆరె, అదే తోలు. 1985లో కోర్టు ఏమన్నది? మతం మారినాక గూడ అంటరానితనం అంతే బరువుతో వెంటాడుతున్నదని చూపే ఆధారాలు మా ముందు లేవన్నది. చూసిన్రా, క్రైస్తవుడని తేల్చడానికి గోడమీది బొమ్మ సరిపోతది, అంటరానోడని తేల్చడానికి ఆరె చాలదు. ఆ ఆధారాలు లేవన్న మాట గూడ ఇప్పుడు చెల్లదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంపాలని చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసి పంపింది. అంతకుముందే 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కాగితాలు పేరుకుంటున్నయి. మూడో పేరా మాత్రం కదలలేదు.

అట్రాసిటీ చట్టం సంగతి చెప్తామన్నం. బాపట్ల దిక్కు ఒక ఊర్లె దళిత పాస్టరు, తనను కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిండు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. పదేండ్లుగా పాస్టరు పని చేస్తున్నడు కాబట్టి క్రైస్తవుడే, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం రక్షణ దొరకదన్నది. పాస్టరు పని చేసేవాణ్ణి క్రైస్తవుడు కాదని మేం వాదించం. కానీ కొట్టేవాడు బాప్తిస్మ రిజిస్టరు చూసి కొడుతడా? తిట్టేవాడు "ఓరి మెథడిస్టోడా" అని తిడుతడా? దెబ్బ కులానికి తగులుతది, కోర్టు మతం లెక్క తీస్తది.

మన కుల్కచర్ల మండలంలో తండాలు చానా ఉన్నయి. తండాలో లంబాడీ అన్న చర్చికి పోతే అతని ఎస్టీ సర్టిఫికెట్ చెక్కు చెదరదు, ఎందుకంటే ఎస్టీల ఉత్తర్వులో మతం ఊసే లేదు. పోనీయండి, వాళ్ళకు ఉన్నందుకు మాకు సంతోషమే. ఒకే చర్చిలో ఒకే చాపమీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకని హక్కు నిలిచి, ఇంకొకనిది పోవడమే మేం అడిగేది.

ఇప్పుడు మనలో మనకున్న పేచీకి వద్దాం. మన కార్యకర్తలు కొందరు వాడల్లో తిరిగి "చర్చి రిజిస్టరులో పేర్లు రాయించొద్దు, రాసినవి కొట్టేయించండి" అని చెప్తున్నరు. పాస్టర్లు కూడా కొందరు బాప్తిస్మం ఇచ్చి పట్టీలో ఎక్కించకుండ వదిలేస్తున్నరని వింటున్నం. భయం ఎక్కడిదో మాకు తెల్వనిది కాదు. పిల్లల చదువు పోతదంటే ఏ తల్లయినా పేరు దాచుకుంటది, ఆమెను తప్పుపట్టే నోరు మాకు లేదు. కానీ దీన్ని సంఘం పనిగా పెట్టుకోవడం మాత్రం మాకు సమ్మతం కాదు. ఆ రిజిస్టర్లు మన తాతముత్తాతల పేర్లు "గాడు" లేకుండ రాసిన మొదటి కాగితాలు. పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు. మన జాతి చరిత్రకు అంతకన్నా పాత దస్తావేజు మనకు ఏ కచేరీలో దొరుకుతది? పటేలు పట్వారీల లెక్కల్లో మనం వెట్టి కిందనే ఉన్నం. పేరు కొట్టేసుకుంటే మూడో పేరా పోదు, మన అవ్వ పేరు పోతది.

ఇంకో దిక్కు నుంచి కూడా మాట వస్తున్నది. 2025లో తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం వచ్చి మాదిగలున్న గ్రూపుకు తొమ్మిది శాతం వచ్చింది, ముప్ఫై ఏండ్ల దండోరా పోరాటం ఫలితం అది. "ఈ తొమ్మిదిలో మళ్ళీ చర్చోళ్ళకు భాగమా?" అని మనోళ్ళే కొందరు అంటున్నరు. అన్నలారా, ఆ చర్చోళ్ళు ఎవరు? దండోరా ఊరేగింపుల్లో డప్పు కొట్టినోళ్ళలో ఎందరు బుధవారం ప్రార్థనకు పోయేవాళ్ళో లెక్కపెట్టిన్రా? వాడ ఒకటే, బావి ఒకటే. చెరువు కింద భూమి లేకపోవుడు ఒకటే. చేర్చేటప్పుడు దానికి తగ్గట్టు శాతం పెంచమని అడుగుదాం, బీసీ-సిలోని ఆ ఒక్క శాతం ఎటు పోవాల్నో గూడ అడుగుదాం. కానీ మనింట్ల మనమే పోలీసులమై పక్కింటి గోడమీద బొమ్మలు లెక్కపెట్టే పని వద్దు. ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నది అన్నీ పటేండ్లే కాదని మీకూ తెలుసు.

కాబట్టి ఇప్పటి చట్టం కిందనే మేం అడిగేది ఇది. ఒక మనిషిని మెథడిస్టు అని తేల్చాలంటే, వయసొచ్చినాక తానై సంఘం ముందు ఒప్పుకొని పూర్తి సభ్యుల పట్టీలో ఎక్కి ఉండాలె, ఇప్పుడు అడిగితే అవునని ఆ మనిషే చెప్పాలె. రెండూ ఉంటేనే. పేరు, బొమ్మ, సమాధి, జాతర, బడి రిజిస్టరులో పంతులు రాసిన మాట, ఇవి దేనికీ రుజువు కావు. తాను నిండు సభ్యుణ్ణని పదిమందిలో చెప్పుకొనే మనిషి ప్రమాణ పత్రంలో మాత్రం కాదని రాస్తే, అది అబద్ధమే. అట్లాంటి అబద్ధం మీద నిలబడి మన ఉద్యమం కొట్లాడలేదు. ఆ మనిషి పక్కన నిలబడి మూడో పేరా మీద కొట్లాడుతం.

నోటీసు వచ్చినవాళ్ళు గాబరా పడొద్దు. 1993 నాటి 16వ నెంబరు చట్టం, దాని కింద 1997లో వచ్చిన నియమాలే ఈ సర్టిఫికెట్లకు ఆధారం. రుజువు చేసుకునే భారం అడిగినవాడి మీదనే పెట్టిన చట్టం అది, ఆ మాట చేదే. కానీ నోటీసు ఇయ్యకుండ, నీ మాట వినకుండ సర్టిఫికెట్ రద్దు చేయడానికి లేదు. రద్దు చేయాల్సింది కలెక్టరు, గిర్దావరు కాదు. గిర్దావరు వాడకొచ్చి పంచనామా అంటే, రాసింది చదివి వినిపించేదాకా సంతకం పెట్టకండి, వేలిముద్ర అసలే పెట్టకండి. ఫిర్యాదు నకలు, రుజువని పెట్టుకున్న ప్రతి కాగితం నకలు రాతపూర్వకంగా అడగండి. పసిబిడ్డ బాప్తిస్మం ఒక్కటే పట్టుకొని వస్తే, సభ్యుల పట్టీలో పేరు ఎక్కడున్నదో చూపమనండి. మద్రాసు, బొంబాయి తీర్పుల ప్రతులు మా దగ్గర ఉన్నయి, వకీలుకు ఇయ్యడానికి వచ్చి తీసుకపోవచ్చు.

పాస్టరయ్యలతో కూర్చొని మాట్లాడే పని వచ్చే ధారూరు జాతరకు ముందే కావాలె. సిద్ధపడే సభ్యుల పట్టీ, పూర్తి సభ్యుల పట్టీ వేరువేరుగా ఉంచాలని, ఎవరు పడితే వాళ్ళు వచ్చి అడిగితే రిజిస్టరు ఇంటికి ఇచ్చి పంపొద్దని, పాతవి చెదలు పట్టకముందే ఫొటోలు తీసి పెట్టుకోవాలని వాళ్ళను అడుగుదాం. కుల్కచర్ల, పరిగి కార్యకర్తలు తమ ఊర్ల పేర్లు, తీరిక ఉన్న ఆదివారాలు రాసి పంపండి. చర్చి విడిచినాక పొద్దున పదకొండుకు పెట్టుకుంటే అందరూ దొరుకుతరు.